రోజు విడిచి రోజు

కోటిలింగం మాస్టారు ఆ రోజు గుండె పరీక్షలకి ఒంటి చెప్పుతో వచ్చారు.

రోహిణీకార్తె ఎండ. తెనాలి బస్టాండు నుంచి కాలువగట్టు మీది పరిశోధన కేంద్రం దాకా తారు రోడ్డు కరిగి మెరుస్తోంది. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి గనక ఆటో ఎక్కడమంటే ఆయనకి నామోషీ. నడిచే వచ్చారు. వరండాలో ఎదురొచ్చిన డాక్టర్ వకుళ ముందు ఆయన ముఖం చూసింది. ముఖం కళకళలాడుతోంది. తర్వాత నేల మీదికి చూసింది. తెల్లటి గచ్చు మీద, ఆయన ఎడమ కాలు పడ్డ చోటల్లా తడి మరక ఉంది.

"మాస్టారూ, మీ రెండో చెప్పేదండీ?"

ఆయన వంగి చూసుకున్నారు. "అరె. బస్సు దిగేటప్పుడు జారిపోయినట్టుంది. చూసుకోలేదు."

వకుళ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుని, ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. అరికాలు బొబ్బలెక్కి చిట్లిపోయింది. మడమ దగ్గర తారు అంటుకుంది. ఇంకొకరైతే కేకలు పెట్టేవాళ్ళు. మాస్టారు మాత్రం గోడ మీది గుండె బొమ్మ చూస్తూ, తన గుండెలో ఏ నాళం ఎక్కడ బాగుపడిందో వెతుక్కుంటున్నారు.

"నొప్పిగా ఉందా మాస్టారూ?"

"నొక్కావా అమ్మా?" అన్నారాయన.

ఈ నెలలో ఇలాంటివాళ్ళు వరసగా వస్తున్నారు. ఒకావిడ పొయ్యి మీది గిన్నెని చేత్తో దించి, చర్మం ఊడాక గాని చూసుకోలేదు. ఒకాయన మెట్లు దిగుతూ నేల ఎక్కడుందో తెలియక పడిపోయాడు. ఎవరి మటుకు వాళ్ళు వయసు మీద పడిందనుకున్నారు. వకుళ కూడా అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నం చేసింది. ఒళ్ళో ఉన్న ఆ పాదం ఇక అలా అనుకోనివ్వలేదు.

*

కొలెస్టరాల్ తగ్గించే బిళ్ళలు లోకంలో బోలెడున్నాయి. కొత్తగా కొవ్వు పేరుకోకుండా అవి కాపు కాస్తాయి. కానీ ఏళ్ళ తరబడి గుండె నాళాల గోడలకి గార కట్టిన కొవ్వుని పూర్తిగా కదిలించడం వాటి తరం కాదు. వకుళ కనిపెట్టిన మందు ఆ పనే చేసింది. రక్తంలో తిరిగే తెల్ల కణాలకి ఆ గార మీద ఆకలి పుట్టించింది. మొదటిసారి పంది గుండె నాళాన్ని కోసి చూసినప్పుడు, లోపల గులాబి రంగులో, అప్పుడే పుట్టినంత శుభ్రంగా ఉంది. పక్కన నిలబడ్డ రెహానా, "మేడం, ఇది మందు కాదు, చీపురు" అంది. రెహానా వకుళ శిష్యురాలు, ప్రయోగశాలలో కుడిభుజం. ఆ రోజు నుంచి అందరూ దాన్ని చీపురనే పిలిచారు.

తర్వాత మనుషుల మీద పరీక్ష మొదలైంది. గుండె నాళాలు మూసుకుపోతున్న వాళ్ళని చేర్చుకుని, సగం మందికి మందు, సగం మందికి ఉత్త పిండి బిళ్ళ ఇచ్చారు. రెండూ చూడ్డానికి ఒకటే. ఎవరి సీసాలో ఏముందో మింగేవాళ్ళకీ తెలియదు, ఇచ్చేవాళ్ళకీ తెలియదు. రోజుకొక బిళ్ళ.

ఆ రోజుకొకటి అన్న దగ్గరే రెహానా అడ్డం పడింది. "నోటికే ఒక పొద్దు విశ్రాంతి ఇస్తాం కదా మేడం. మధ్య మధ్య ఒక రోజు వదిలేసి చూద్దాం. ఆ రెండు రకాలూ పోల్చుకున్నాక పెద్ద పరీక్షకి పోదాం."

"దానికి ఇంకో రెండేళ్ళు పడుతుంది," అంది వకుళ.

"పట్టనివ్వండి."

"నాకంత వ్యవధి లేదు రెహానా."

ఆ వ్యవధి ఎవరిదో రెహానాకి తెలుసు గనక మళ్ళీ మాట్లాడలేదు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. ఆత్రం పడ్డది తల్లయినా ఆ మాటకి మినహాయింపు లేదు.

చీపురు గుండె నాళాలని శుభ్రం చేసింది. చేయడం అయ్యాక ఆగలేదు. కరెంటు తీగకి తొడుగున్నట్టు నరాలకీ కొవ్వు తొడుగుంటుంది. గార అయిపోయాక, ఆకలి చావని కణాలు ఆ తొడుగు మీద పడ్డాయి. కంచే చేను మేసింది. ముందు పాదాలు, తర్వాత వేళ్ళు మొద్దుబారాయి.

వకుళ ఆ సాయంత్రమే పర్యవేక్షణ కమిటీకి కబురు చేసింది. మర్నాడు పరీక్ష ఆపేశారు.

*

హిమజ మేడ మెట్లు ఎక్కడానికి మధ్యలో రెండు చోట్ల ఆగుతుంది. వకుళ కూతురు, పదిహేడేళ్ళ పిల్ల. ఆగినప్పుడు ఎవరైనా చూస్తే, ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తుంది.

వకుళ పుట్టింట్లో మగవాళ్ళు నలభై దాటితే మొక్కులు తీర్చుకునేవాళ్ళు. దాటకముందే గుండె ఆగి పోయినవాళ్ళే ఎక్కువ. అది తిండి వల్ల వచ్చే కొవ్వు కాదు, రక్తంతో వచ్చేది. ఆ సంగతి వకుళ డాక్టరీ చదివి తెలుసుకునేసరికే, మేనత్త కొడుకు శశిధర్‌తో పెళ్ళయిపోయింది. పుట్టినప్పుడే అనుకున్న మేనరికం, పైగా ఇష్టపడి చేసుకున్న బావ. ఇద్దరిలోనూ చెరి సగం ఉన్న జబ్బు హిమజకి నిండుగా వచ్చింది. శశిధర్ నలభై రెండో ఏట, స్కూటరు స్టాండు వేస్తూ కూలిపోయాడు. పిల్లకి పన్నెండేళ్ళకే గుండెలో స్టెంటు వేయాల్సి వచ్చింది. ఉన్న మందులన్నీ వాడారు. రక్తాన్ని యంత్రంలో వడకట్టించారు. అయినా ఆ పిల్ల చేతి వేళ్ళ కణుపుల మీద పసుపుపచ్చని ముడులు పెరుగుతూనే ఉన్నాయి. అది లోపలి కొవ్వు బయటికి కనబడడం. హిమజ ఎండాకాలంలో కూడా చేతులు చున్నీలో చుట్టుకుని కూర్చుంటుంది.

"ఆపేశారటగా," అంది ఆ రాత్రి అన్నం దగ్గర.

"ఎవరు చెప్పారు?"

"రెహానా అక్క. నేనే ఫోన్ చేసి అడిగాలే, ఆమెనేం అనకు."

వకుళ మజ్జిగ పోస్తూ తల దించుకుంది.

"మందు పనిచేసిందా లేదా, అది చెప్పు."

"గుండె వరకు చేసింది."

"అయితే నాకిచ్చెయ్యి." హిమజ గొంతు మామూలుగా ఉంది. అన్నంలోకి ఊరగాయ అడిగినట్టే అడిగింది. "కాళ్ళు పోతే పోనీ. కుర్చీలో కూర్చుని చదువుకుంటా. కూర్చుని చేసే ఉద్యోగాలు ఎన్ని లేవు?"

"కాళ్ళతో ఆగదు తల్లీ. తర్వాత చేతులు. ఆ పైన ఏమవుతుందో నాకే తెలియదు."

"ఏమవుతుందో తెలియదు అంటున్నావు. ఇప్పుడున్నట్టు ఉంటే ఏమవుతుందో మనిద్దరికీ తెలుసుగా."

వకుళ సంచిలో మందు సీసా ఉంది. ఎందుకు తెచ్చిందో తనకే తెలియదు. తెలియదని తనకి తను చెప్పుకుంది. పిల్ల పడుకున్నాక సీసా తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. మూత తిప్పబోతే, తారు అంటుకున్న మడమ కళ్ళ ముందుకొచ్చింది. తెల్లారాక సీసాని తీసుకెళ్ళి ప్రయోగశాల బీరువాలో పెట్టి, తాళంచెవి రెహానా చేతికిచ్చింది.

"ఇది నా దగ్గర ఉండకూడదమ్మా," అంది.

రెహానా తాళంచెవి తీసుకుంది.

*

ఎవరి సీసాలో ఏముందో విప్పి చూసుకునే రోజు వచ్చింది. అనుకున్నట్టే ఉంది లెక్క. మందు మింగినవాళ్ళ గుండెలు బాగుపడ్డాయి, కాళ్ళు మొద్దుబారాయి. పిండి బిళ్ళ మింగినవాళ్ళ కాళ్ళు బాగున్నాయి, గుండెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇద్దరు మాత్రం ఈ రెంటిలోనూ ఇమడలేదు.

పానకాలు, బ్రహ్మయ్య తోడల్లుళ్ళు. మోరిస్‌పేటలో ఇద్దరూ కలిసి టిఫిన్ హోటలు నడుపుతారు. నేతి దోసెలకి ఆ హోటలు ఎంత పేరు మోసిందో, ఇద్దరి గుండెలూ అంత పాడయ్యాయి. పానకాలుకి మందు పడింది. బ్రహ్మయ్యకి పిండి బిళ్ళ పడింది. కానీ ఇద్దరి నాళాలూ శుభ్రపడ్డాయి. ఇద్దరి కాళ్ళకీ ఈక ఆనినా తెలుస్తోంది.

"సీసాలు తారుమారయ్యాయేమో," అంది రెహానా.

"తారుమారైతే ఒకరి గుండె బాగుపడాలి, ఒకరిది పడకూడదు. ఇద్దరివీ బాగుపడ్డమేమిటి?"

వకుళ హోటలుకి వెళ్ళింది. మధ్యాహ్నం మూడింటికి బేరాలు పలచబడ్డాయి. పెనం ముందు చెమటలు కక్కుతున్న పానకాలు ఆమెని చూసి గరిట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బ్రహ్మయ్య గల్లా పెట్టె వదిలి లేచి నిలబడ్డాడు.

"నరసింహస్వామి మీద ఆన డాక్టరమ్మగారూ," అన్నాడు పానకాలు. "పొద్దున్నే మా ఆడోళ్ళు చేతిలో పెట్టటం, మేం గుటుక్కున మింగటం. ఒక్కనాడు మానలేదు."

"ఎక్కువా మింగలేదండి," అన్నాడు బ్రహ్మయ్య. "ఏం, ఏవన్నా తేడా చేసిందా?"

"మీకేం కాలేదు బ్రహ్మయ్యగారూ. ఎందుకు కాలేదా అని వచ్చాను."

ఆ మాట వాళ్ళకి అర్థం కాలేదు. కూర్చోబెట్టి కాఫీ చెప్పారు. హోటలు వెనకే ఇల్లు. వంటింట్లో వాళ్ళ భార్యలు, అక్క నాగరత్నం, చెల్లెలు చెంచమ్మ, ముగ్గురికీ కాఫీ కలుపుతున్నారు. వకుళ గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. చెంచమ్మ ఒక గ్లాసు వకుళకని పక్కన పెట్టి, మిగిలిన కాఫీని మొగుళ్ళ గ్లాసుల్లో పోసింది. రెండూ పక్కపక్కన పెట్టి, వంగి, కంటి ఎత్తులో చూసింది. ఒకదాంట్లో వెంట్రుకవాసి ఎక్కువుంటే రెండోదాంట్లోకి వొంపింది. మళ్ళీ చూసింది.

"ఎప్పుడూ ఇలాగే కొలుస్తారా?" అంది వకుళ నవ్వుతూ.

"మా అమ్మ పెట్టిన అలవాటండి," అంది నాగరత్నం. "తోడల్లుళ్ళంటే పాముకీ ముంగిసకీ పోలికంటారు గదా. మా అమ్మ ఆ మాట పడనిచ్చేది కాదు. అరిసె పెట్టినా చెరి సగమే, పంచె పెట్టినా ఒకే అంచు."

"మరి మందో?"

వకుళ ఆ మాట ఏదో అనుకుని అనలేదు. అన్నాక, అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం చూసింది. చెంచమ్మ చేతిలో గిన్నె గట్టు మీద పెట్టేసింది.

"చెప్పవే," అంది నాగరత్నం మెల్లగా. "ఎన్నాళ్ళని దాస్తాం."

"మీరు ఆ రోజు చెప్పారు గదండి," అంది చెంచమ్మ. "ఒకళ్ళకి మందు ఉంటదీ, ఒకళ్ళకి ఉత్త పిండి ఉంటదీ, ఏదెవరిదో దేవుడికే తెలవాలీ అని. ఇంటికొచ్చి ఇద్దరం రెండు సీసాలూ ముందు పెట్టుకు కూర్చున్నాం. నా మొగుడి సీసాలో మందుంటే మా అక్క ముండమోస్తది. అక్క మొగుడి సీసాలో ఉంటే నేను. ఒక్క వంటింట్లో, ఒకరి ముఖం ఒకరం ఎట్టా చూసుకోవాలండి?"

"అందుకని?"

"రెండు సీసాలూ హార్లిక్స్ సీసాలో కుమ్మరించి బాగా కలిపేశాం. పొద్దున్నే చెయ్యి పెట్టి ఏదొస్తే అది ఇచ్చేవోళ్ళం. కొత్త సీసాలు ఇచ్చినప్పుడల్లా అంతే. మొగోళ్ళకి తెలవదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "తప్పేనండి. కాయితం మీద సాక్షిగా ఏలుముద్రేసి కూడా చేశాం. పోలీసోళ్ళకి చెబుతారా?"

వకుళ అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయింది. ఒక రోజు మందు, ఒక రోజు పిండి. ఒక్కోసారి వరసగా రెండు రోజులు పిండి. చీపురు ఊడ్చింది, ఆగింది. ఆగిన పొద్దున నరం తన తొడుగు తను అల్లుకుంది. రెహానా అడిగిన ఒక పొద్దు ఇదే. ఆ రోజు తను సరేనని ఉంటే కోటిలింగం మాస్టారికి కాలు కాలినట్టు తెలిసేది.

సంతోషమూ ఏడుపూ ఒక్కసారే వస్తే మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆ అక్కచెల్లెళ్ళు ఆ రోజు చూశారు. భయపడి మంచినీళ్ళిచ్చారు.

*

రోజు విడిచి రోజు మందిచ్చి మళ్ళీ పరీక్ష చేస్తామంటే కమిటీ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడంలో తప్పూ లేదు.

"నియమం తప్పినవాళ్ళ ఫలితాలు కొట్టెయ్యాలి, వాడుకోకూడదు," అన్నాడు అధ్యక్షుడు. "ఇద్దరు మనుషులు, ఒక హార్లిక్స్ సీసా. దీన్ని నమ్మి ఇంకొందరికి ఆ మందు ఎలా ఇమ్మంటారు? పైగా మీ ఇంట్లో రోగి ఉంది. మీ చూపు మీద మాకు నమ్మకం ఎలా ఉంటుంది?"

"ఉండక్కర్లేదు," అంది వకుళ. "నేను తప్పుకుంటాను. రెహానా నడుపుతుంది. నేను ఆ గదిలోకి కూడా రాను."

పదిహేనేళ్ళ పని అది. అయినా వాళ్ళ తలలు అడ్డంగానే ఊగాయి.

అప్పుడు తలుపు దగ్గర చేతికర్ర చప్పుడైంది. మందు వల్ల దెబ్బతిన్నవాళ్ళ తరపున చెప్పుకోవడానికి ఒకరిని రమ్మన్నారు. వచ్చింది కోటిలింగం మాస్టారు. ఇప్పుడు కాళ్ళ వంక చూసుకుంటూ గాని అడుగు వేయలేరు. వకుళ అంతకు ముందు రోజు ఆయన ఇంటికి వెళ్ళి సంగతంతా చెప్పింది. సగం మందుతో సరిపోయేదని, తన తొందరే ఆయన పాదాల్ని తినేసిందని, ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన విని, "సరేనమ్మా, వెళ్ళిరా" అని మాత్రం అన్నారు. ఇప్పుడేమంటారో ఆమెకి తెలియదు.

"నాకు పరిగెత్తే గుండె ఇచ్చారు, పరిగెత్తే కాళ్ళు తీసుకున్నారు," అన్నారు మాస్టారు కూర్చుంటూ. "కోపం లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి. నిన్న రాత్రంతా ఉంది. ఈవిడని కోర్టుకి లాగుదామనుకున్నా. పొద్దున్నే గ్రౌండు దాకా వెళ్ళా. పిల్లలు పరుగులు పెడుతున్నారు. ఒకడు ఈల వినకుండానే బయల్దేరి పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది. వాణ్ణి లేపి ఏం చెప్పాలి? ఇంకెప్పుడూ పరిగెత్తకురా అని చెప్పనా? ఈల వెయ్యకముందే పరిగెత్తకురా అని చెప్పా."

ఆయన చేతికర్రని కుర్చీకి ఆనించారు.

"ఈ మందు పాతిపెట్టేస్తే నా కాళ్ళు ఊరికే పోయినట్టు. కొద్దిమందితో, నిదానంగా, రోజు విడిచి రోజు చేసి చూడండి. ఈవిడ తప్పుకుంటానంటోంది, తప్పుకోమనండి. తప్పు చేసినప్పుడు మైదానం బయట నిలబడాలి. కానీ ఆవిడ బిడ్డ ఏం చేసింది? అందరితో పాటు ఆ పిల్లనీ వరసలో నిలబెట్టండి."

*

రెండో పరీక్షకి అనుమతి రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో హిమజకి రెండుసార్లు గుండె నొప్పి వచ్చింది. రెండోసారి ఆసుపత్రి వరండాలో కూర్చున్న వకుళ, బీరువా తాళంచెవి రెహానాకిచ్చిన రోజుని తిట్టుకుంది. తెల్లారి పిల్ల కళ్ళు తెరిచాక తిట్టుకోవడం మానేసింది.

హిమజ వరసలో నిలబడింది. ఆమెకి ఒక సీసా ఇచ్చారు. మందో పిండో తల్లికి తెలియదు. ఎవరికి ఏమిచ్చారో రాసి ఉన్న కంప్యూటరు గదికి తాళం, తాళంచెవి రెహానా దగ్గర. రెహానా ఎదురుపడితే పలకరించి పక్కకి తప్పుకుంటుంది. వకుళ నేర్పిన క్రమశిక్షణే అది, ఏమనగలదు.

వకుళ చేయగలిగిందల్లా ఒకటే. రోజూ పొద్దున పొగలు కక్కే స్టీలు గ్లాసు పిల్ల చేతికిచ్చేది.

"కాలుతోందా?"

"కాలుతోందమ్మా."

కాలుతోందంటే నరాలు బాగున్నట్టు. లేదా సీసాలో ఉన్నది ఉత్త పిండి అయినట్టు. ఆ మాట విని వకుళ ప్రతి పొద్దునా ఊపిరి పీల్చుకునేది, వెంటనే ఇంకో భయం పట్టుకునేది. నరాలకి మంచి వార్తే గుండెకి చెడ్డ వార్త కావచ్చు.

కార్తీకమాసం చలిలో ఒక ఉదయం హిమజ కాఫీ గ్లాసు అందుకుని, "అబ్బ, కాలిందే," అని చటుక్కున బల్ల మీద పెట్టి వేళ్ళు విదిలించింది. చలికి చున్నీ కప్పుకుని ఉన్నా చేతులు మాత్రం బయటే ఉన్నాయి. వకుళ ఆ చేతిని పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. కణుపుల మీది పసుపుపచ్చని ముడులు లేవు. అవి ఉన్న చోట చర్మం వదులుగా, ముడతలు పడి ఉంది. పుట్టినప్పటి నుంచి తను రోజూ చూసే ఆ చేతుల్ని, గ్లాసు గొడవలో పడి ఎన్నాళ్ళుగానో చూడలేదు.

"నేను చెబుదామనుకున్నా," అంది హిమజ. "చెబితే నీకు తెలిసిపోతుందని, రూలు తప్పినట్టవుతుందని ఊరుకున్నా. మెట్లు కూడా ఆగకుండా ఎక్కుతున్నా, చూశావా?"

వకుళ కూతురి చేతిని ముఖానికి ఆనించుకుని ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, చీర మార్చుకుని, కోటిలింగం మాస్టారి ఇంటికి బయల్దేరింది.

ఆయన వరండాలో పడక్కుర్చీలో, కాళ్ళు బారజాపుకుని, ముఖానికి అడ్డంగా పేపరు పట్టుకుని చదువుకుంటున్నారు. గేటు చప్పుడుకి పేపరు దించి చూశారు.

"రా అమ్మా. పాప ఎట్టా ఉంది?"

"పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని చెయ్యి కాలిందంది మాస్టారూ. చేతుల మీద ముడులన్నీ పోయాయి."

మాస్టారు పేపరు ఒళ్ళో పెట్టుకున్నారు. "కాలిందందా," అన్నారు. "మంచి మాట చెప్పావు. కూర్చో, మా ఆవిడ కాఫీ తెస్తుంది." కళ్ళజోడు సర్దుకున్నారు. కళ్ళల్లోకి వచ్చిన తడి ఆమె చూడకూడదనుకున్నారో ఏమో, మళ్ళీ పేపరు ఎత్తి పట్టుకుని, "జిల్లా పరుగు పందాల్లో మన స్కూలు పిల్లవాడికి మొదటి బహుమతి వచ్చింది, విను," అని పైకి చదవసాగారు.

వకుళ కుర్చీలో కూర్చోలేదు. నేల మీద మోకాళ్ళూని, వంగి, ఆయన రెండు పాదాల మీద చేతులుంచింది. ఎడమ అరికాలి మీద ఆనాటి మచ్చ గట్టిపడి ఉంది. నుదురు ఆనించి, కన్నీళ్ళు ఆ పాదాల మీద పడుతుంటే అలాగే ఉండిపోయింది.

మాస్టారికి తెలియలేదు. పేజీ తిప్పి, మిగతా వార్త చదువుతున్నారు.